ఒక్క కన్నే, మళ్ళీ మళ్ళీ: ఇది కలకేనా?

బాబూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాన్నగారికి 52 ఏళ్ళు, ఒడిశాలో గునుపూర్ దగ్గర పల్లె, పత్తి చేను. రెండు వారాల కిందట జ్వరం వచ్చి తగ్గింది. ఆ వెనకే ఎడమ కన్ను ఎర్రబడింది, నీరు కారింది, వెలుగు చూడలేక ముఖం మీద తువ్వాలు వేసుకుని పడుకున్నారు. మెడికల్ షాపు అబ్బాయి ఇచ్చిన చుక్కల మందు వేస్తే నాలుగు రోజులు హాయిగా ఉంది. ఐదో రోజు నొప్పి తిరగబెట్టింది, ఇప్పుడు చూపు కూడా మసకేసింది. రెండేళ్ళ కిందట ఇదే కంటికి ఇలాగే వచ్చిందన్నారు. ఊళ్ళో అందరూ కలకే అంటున్నారు, మీ అత్తయ్యగారు అక్కి అంటున్నారు. వెళ్తే బరంపురం వెళ్ళాలా, విశాఖ వెళ్ళాలా అని మీ ప్రశ్న.

నేను డాక్టర్ని కాను, ముందే చెప్పేస్తున్నాను. ఆప్తాల్మిక్ అసిస్టెంటుగా, అంటే కళ్ళ డాక్టరుకు సహాయకుడిగా, 31 ఏళ్ళు పర్లాకిమిడి, రాయగడ వైపు పనిచేసి రిటైరయ్యాను. సంతల్లో కళ్ళ డాక్టరనే పిలిచేవారు. కాదని చెప్పీ చెప్పీ విసిగిపోయి ఊరుకున్నాను. ఇక్కడ కూర్చుని మీ నాన్నగారి జబ్బుకు పేరు పెట్టడం నా వల్ల కాదు. కానీ మీరు రాసినదాంట్లో నన్ను భయపెట్టిన ముక్క నొప్పి గురించినది కాదు. "నాలుగు రోజులు హాయిగా ఉంది" అన్న ముక్క.

కలక సంగతి చూద్దాం. మన వైపు కన్ను ఎర్రబడితే చాలు కలక అంటాం. అసలు కలక సాధారణంగా అడెనోవైరస్ లాంటి వైరస్‌ల వల్ల వస్తుంది. 2023 వానాకాలంలో దేశమంతా తిరిగింది గుర్తుండే ఉంటుంది, బడులకు బడులే ఎర్రకళ్ళతో ఇళ్ళకు వెళ్ళిపోయాయి. అది ఒక కంటితో మొదలైనా రెండు మూడు రోజుల్లో రెండోదానికీ పాకుతుంది. ఇంట్లో ఒకరికి వస్తే వరసగా అందరికీ అంటుకుంటుంది. తెల్లారి లేచేసరికి రెప్పలు అతుక్కుపోతాయి, చెవి ముందు చిన్న బిళ్ళ కడుతుంది. ఇసుక పోసినట్టు గరగరలాడుతుందే గానీ, కన్ను తుడుచుకున్నాక చూపు బాగానే ఉంటుంది. దాన్ని చంపే మందంటూ లేదు. చల్లని గుడ్డ వేసుకుంటూ, చేతులు కడుక్కుంటూ, తువ్వాలు వేరే పెట్టుకుని వారం నుంచి మూడు వారాలు ఓపిక పడితే అదే పోతుంది. కొందరికి మాత్రం నల్లగుడ్డు మీద చిన్న చుక్కలు మిగిలి కొన్ని నెలలు మసక ఉంటుంది, వాళ్ళని డాక్టరు చూడాల్సిందే.

ఇప్పుడు మీ నాన్నగారిని దాని పక్కన పెట్టి చూడండి. ఒక్క కన్నే. ఇంట్లో ఇంకెవరికీ రాలేదు. వెలుగు భరించలేకపోతున్నారు. చూపు తగ్గింది. అదే కంటికి ఇది రెండోసారి. పైగా జ్వరం వెనకే వచ్చింది. ఇన్నీ కలిసి వస్తే నా లాంటివాడికి మొదట తట్టేది హెర్పిస్ సింప్లెక్స్ వైరస్. జ్వరం తగ్గాక పెదవుల చివర పొక్కులు పేలతాయి చూడండి, అదే వైరస్. చిన్నప్పుడే చాలామంది ఒంట్లోకి చేరిపోతుంది. చేరి, ముఖానికి నరాలు పంపే ఒక ముడిలో, చెవికి కాస్త ముందు పుర్రె లోపల, పడుకుని ఉంటుంది. మలేరియానో మరో జ్వరమో వచ్చినప్పుడు, బాగా ఎండ దెబ్బ తగిలినప్పుడు లేచి నరం వెంట దిగుతుంది. పెదవికి దిగితే పొక్కు. కంటికి దిగితే నల్లగుడ్డు మీది అద్దం లాంటి పొర, దాన్నే కార్నియా అంటారు, పుండు పడుతుంది. మలేరియా ఇంకా వదలని మన కొండ జిల్లాల్లో జ్వరం తర్వాత కన్ను అని ఎవరైనా అంటే నేను కుర్చీ ముందుకు జరుపుకునేవాణ్ణి.

ఆ పుండును గుర్తుపట్టడానికి పెద్ద మిషన్లేం అక్కర్లేదు. ఫ్లోరసిన్ అని నారింజరంగు పూసిన సన్నని కాగితం చీటీ ఉంటుంది. దాన్ని తడిపి రెప్ప లోపల తాకిస్తే కన్నీళ్ళలో రంగు కలుస్తుంది. నీలిరంగు లైటు వేసి చూస్తే పుండున్న చోట పచ్చగా మెరుస్తుంది. హెర్పిస్ పుండు కొమ్మలు వేసిన ఎండు చెట్టులా కనబడుతుంది, ప్రతి కొమ్మ చివరా చిన్న మొటిమలా ఉబ్బు. ఒకసారి చూసినవాడు మరిచిపోడు. దూదిని సన్నని పోగుగా లాగి నల్లగుడ్డుకు మెల్లగా తాకించి, రెండో కంటితో పోల్చడం ఇంకో పరీక్ష. ఈ వైరస్ తిన్న నరానికి స్పర్శ తగ్గిపోతుంది. దూది తగిలినా రెప్ప వేయడు మనిషి. అందుకే నొప్పి తగ్గినంతలో నయమైందని అనుకోవద్దు. రెండోసారి, మూడోసారి వచ్చినప్పుడు నొప్పి మొదటిసారికన్నా తక్కువ ఉండొచ్చు, పుండు మాత్రం ఎక్కువ ఉండొచ్చు.

ఇప్పుడు ఆ చుక్కల మందు సంగతి. సీసా తెచ్చి దాని మీద సన్నక్షరాలు చదవండి. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసోలోన్, ఫ్లోరోమెథలోన్, లోటెప్రెడ్నాల్, వీటిలో ఏది కనబడినా అందులో స్టెరాయిడ్ ఉన్నట్టే. యాంటీబయాటిక్‌తో కలిపి అమ్ముతారు కాబట్టి పైన పెద్ద అక్షరాల్లో యాంటీబయాటిక్ పేరే ఉంటుంది, చివర ఒక 'డి' అనో 'డెక్స్' అనో తోక ఉంటుంది. నాకు పేచీ ఆ తోకతోనే. స్టెరాయిడ్ ఎరుపును లాగేస్తుంది, వాపు తీసేస్తుంది, నొప్పి తగ్గిస్తుంది. రోగి రెండో రోజుకే దండం పెడతాడు. ఎరుపు, నొప్పి అంటే వైరస్ మీద మన ఒళ్ళు చేస్తున్న పోరాటం. ఆ పోరాడేవాళ్ళ చేతులు కట్టేస్తే దొంగకు ఇల్లంతా రాసిచ్చినట్టే. ఆ నాలుగు రోజుల హాయిలో కొమ్మలా ఉండాల్సిన పుండు ఒడ్డులు తెగిన చెరువులా పరుచుకుంటుంది. లోతుకు వెళ్తుంది. మానాక తెల్లటి మచ్చ మిగులుతుంది, మనవాళ్ళు కంట్లో పువ్వు వేసిందంటారే, అది. పువ్వు నల్లగుడ్డు నడిమధ్యన వేసిందంటే చూపు పోయినట్టే. అప్పుడిక కార్నియా మార్పిడి ఒక్కటే దారి, మార్చిన కార్నియాలో కూడా ఈ వైరస్ తిరగబెట్టే ప్రమాదం ఉంటుంది.

షాపు అబ్బాయిని తిట్టాలని లేదు. ఆదివారం సాయంత్రం, దగ్గరలో కళ్ళ డాక్టరు లేడు, ఎదురుగా మనిషి నొప్పితో మెలికలు తిరుగుతుంటే అతను మాత్రం ఏం చేస్తాడు. నేనూ చేశాను అలాంటి తప్పు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కాంపులో, రంగు చీటీలు అయిపోయాయి. టార్చి వేసి చూసి కలకే అని ఒకాయన్ని పంపేశాను. మూడు వారాల తర్వాత సంతలో చింతపండు బుట్ట ముందు కూర్చుని కనబడ్డాడు. నన్ను చూసి నవ్వాడు. కుడి కంట్లో పువ్వు. అప్పట్నుంచీ జేబులో రెండు చీటీలు లేకుండా ఊళ్ళోకి దిగలేదు నేను.

కాబట్టి ఇప్పుడే, ఈ రాత్రే, ఆ చుక్కలు ఆపించి రేపు పొద్దున్నే కన్ను చూపించండి. ఒక తేడా గమనించండి. ఎవరైనా కళ్ళ డాక్టరు పరీక్ష చేసి, నెలల తరబడి స్టెరాయిడ్ వాడమన్నవాళ్ళు నా మాట పట్టుకుని దాన్ని హఠాత్తుగా ఆపకూడదు. వాళ్ళు డాక్టరుని అడిగి మెల్లమెల్లగా తగ్గించుకోవాలి. మీ నాన్నగారిది చూడకుండా ఇచ్చిన మందు, వేసింది కొన్ని రోజులే. అది వేరు.

చూపించే లోపు కట్టు కట్టొద్దు, రుద్దొద్దు. నల్ల కళ్ళజోడు పెట్టుకోమనండి. నొప్పికి పారాసెటమాల్ వేసుకోవచ్చు. తల్లిపాలు, నందివర్ధనం రసం, తేనె ఏదీ వద్దు. మా అమ్మ కూడా కళ్ళ మీద నందివర్ధనం పూలు పెట్టేది, చల్లగా ఉండేది, మూసిన రెప్ప మీద పువ్వు పెడితే పోయేదేం లేదు. పుండున్న కంట్లోకి రసం పిండితేనే ముప్పు. అందులో ఏ బూజు ఉందో, ఏ బాక్టీరియా ఉందో ఎవరికి తెలుసు.

బూజు అన్నాను కాబట్టి ఒకటి అడగాలి. ఈ గొడవ మొదలవక ముందు కంట్లో ఏదైనా తగిలిందా? పత్తి కొమ్మ, వరి కంకి, చెరకాకు, దుమ్ము, ఏదైనా. పొలం పనిచేసేవాళ్ళకు ఆకో పుల్లో గీసుకుని ఫంగస్ పుండు పడడం చాలా మామూలు. పైకి చూస్తే అదీ ఎర్రకన్నే. దానికి ఇచ్చే మందు పూర్తిగా వేరు, స్టెరాయిడ్ పడితే హెర్పిస్ కన్నా ఘోరంగా తినేస్తుంది. నాన్నగారిని బాగా గుర్తు చేసుకోమని, డాక్టరుకు ముందుగా ఈ మాటే చెప్పమనండి. అలాగే నొప్పితో పాటు వాంతులు, సగం తల పగిలిపోయే పోటు, దీపం చుట్టూ రంగుల వలయాలు ఉంటే అది కంట్లో ఒత్తిడి పెరిగిన గ్లకోమా కావచ్చు. దానికి రేపటి దాకా కూడా ఆగకూడదు.

హెర్పిస్ అని తేలితే వైద్యం ఎలా ఉంటుందో చెబుతాను, కంగారు తగ్గుతుంది. పుండు పైపొరలోనే ఉంటే ఎసైక్లోవిర్ 3 శాతం కంటి ఆయింట్‌మెంటు రోజుకు ఐదుసార్లు, కింది రెప్ప లాగి లోపల సెంటీమీటరు పొడవు పెట్టాలి. పుండు మానాక కూడా కనీసం మూడు రోజులు కొనసాగించమంటారు. పెట్టగానే అంతా మసకగా, నూనె పూసిన అద్దంలోంచి చూసినట్టు ఉంటుంది. అది మందు వల్లే. గాన్సిక్లోవిర్ 0.15 శాతం జెల్ ఇంకో మందు, అదీ మొదట్లో రోజుకు ఐదుసార్లే. కొందరు డాక్టర్లు వీటికి బదులు ఎసైక్లోవిర్ 400 మి.గ్రా. బిళ్ళ రోజుకు ఐదుసార్లు రాస్తారు. కిడ్నీ జబ్బు ఉంటే డోసు తగ్గించాలి, కాబట్టి ఆ సంగతి దాచొద్దు. బిళ్ళలు వేసుకున్నన్నాళ్ళూ నీళ్ళు బాగా తాగాలి.

ఇక్కడొక ముఖ్యమైన జాగ్రత్త. షాపులో ఎసైక్లోవిర్ ట్యూబు అని అడిగితే చర్మానికి రాసే 5 శాతం క్రీము ఇచ్చేస్తారు. పేరు అదే, ట్యూబు అలాంటిదే. అది కంట్లో పెట్టకూడదు. డబ్బా మీద కంటికి అని రాసి ఉందో లేదో చూసి, శాతం చూసి తీసుకోండి. నా సర్వీసులో ఈ పొరపాటుతో వచ్చినవాళ్ళు ఒకరిద్దరు కాదు.

ఈ మందు గొప్పతనం గురించి ఒక్క మాట. అది వైరస్ దూరిన కణంలోకి వెళ్తేనే పదునెక్కుతుంది, మంచి కణాలను దాదాపు ముట్టుకోదు. దాన్ని తయారు చేసిన బృందంలోని గెర్ట్రూడ్ ఎలియాన్‌కు 1988లో నోబెల్ వచ్చింది. అయినా ట్యూబు ఉంది కదా అని నెలల తరబడి పెట్టుకుంటే మంచి పొర కూడా గరుకెక్కి ఎర్రబడుతుంది. డాక్టరు ఆపమన్నరోజు ఆపాలి.

ఇక మిమ్మల్ని తికమక పెట్టే సంగతి. నేను ఇంతసేపు స్టెరాయిడ్‌ని తిట్టాను. రేపు డాక్టరు కన్ను చూసి స్టెరాయిడే రాయవచ్చు! కంగారు పడకండి. వైరస్ పైపొరలో కాకుండా కార్నియా మధ్యపొరల్లో వాపు తెచ్చినప్పుడు స్టెరాయిడ్ లేకుండా పని జరగదు, లేకపోతే పువ్వు ఇంకా దట్టంగా వేస్తుంది. అప్పుడు వైరస్ మందు తోడుగా ఇస్తారు, కంటి ఒత్తిడి కొలుస్తుంటారు, చుక్కల లెక్క వారానికింత అని తగ్గిస్తూ వస్తారు. ఒకే కత్తి. ఒకరు చూసి కోస్తారు, ఇంకొకరు కళ్ళు మూసుకుని కోస్తారు. చూపు బాగుపడిందని మధ్యలో మానేసి పత్తి ఏరడానికి వెళ్ళిపోతే మాత్రం మళ్ళీ మొదటికొస్తుంది.

రెండోసారి కాబట్టి డాక్టరును ఇంకొకటి అడగండి: "మళ్ళీ రాకుండా బిళ్ళ వాడొచ్చా?" అమెరికాలో దీని మీద పెద్ద పరిశోధన జరిగి 1998లో ఫలితాలు వచ్చాయి. రోజుకు రెండుసార్లు ఎసైక్లోవిర్ 400 మి.గ్రా. చొప్పున ఏడాది వేసుకున్నవాళ్ళలో నూటికి 19 మందికి తిరగబెడితే, ఉత్తుత్తి బిళ్ళ వేసుకున్నవాళ్ళలో 32 మందికి తిరగబెట్టింది. అందరికీ అవసరం ఉండదు, ఊరికే తిరగబెట్టేవాళ్ళకు, మధ్యపొర దెబ్బతిన్నవాళ్ళకు రాస్తారు. ఎవరికో డాక్టరు తేల్చాలి. కానీ మీరు అడక్కపోతే ఔట్ పేషెంట్ రద్దీలో ఆ మాట ఎత్తే తీరిక ఉండకపోవచ్చు.

మీ అత్తయ్యగారి అక్కి మాట కొట్టిపారేయడానికి లేదు. ఆవిడ ఆలోచన దగ్గరగానే ఉంది. అక్కి కూడా హెర్పిస్ కుటుంబమే, కానీ వైరస్ వేరు, చిన్నప్పుడు ఆటలమ్మ పోసినది దాక్కుని పెద్దయ్యాక లేచేది. అక్కి అయితే ముందు నుదురు ఒకవైపు మండుతుంది, తర్వాత అటే పొక్కులు వరసగా లేస్తాయి, మధ్యగీత దాటవు. ముక్కు చివర పొక్కు లేచిందంటే కన్నుకూ తగిలే ప్రమాదం ఎక్కువని హచిన్సన్ అనే ఆయన 19వ శతాబ్దంలోనే చెప్పాడు, ఇప్పటికీ డాక్టర్లు ముందు ముక్కే చూస్తారు. నాన్నగారికి నుదుటి మీద, తలలో, ముక్కు మీద పొక్కులు లేవంటే అక్కి కాకపోవచ్చు. ఉంటే మాత్రం కుమ్మరి దగ్గర ఎర్రమట్టితో రాయించుకోవడం వద్దని నేను అనను, నమ్మకం మీది. కాకపోతే పొక్కు లేచిన 72 గంటల లోపు ఎసైక్లోవిర్ 800 మి.గ్రా. రోజుకు ఐదుసార్లు మొదలుపెడితేనే పూర్తి ఫలితం. రాయించుకోవడానికి వెళ్ళి, తిరిగొచ్చి, మూడు రోజులు ఆగి చూద్దామంటే ఆ గడువు అక్కడే దాటిపోతుంది. ఆసుపత్రికి వెళ్ళి బిళ్ళ పడ్డాక రాయించుకోండి.

ఇక ఎక్కడికి? బరంపురమా, విశాఖా అన్నది రెండో ప్రశ్న. రంగు చీటీ వేసి, స్లిట్ ల్యాంపు అనే, కంటిని పెద్దది చేసి చూపే పరికరం మీద గడ్డం ఆనించి చూసేవాళ్ళు మీకు ఎవరు దగ్గర అన్నది మొదటిది. రేపు పొద్దున్నే గునుపూర్ ఆసుపత్రికి ఫోను చేసి కళ్ళవారు ఉన్నారా అని కనుక్కోండి. లేకపోతే పర్లాకిమిడిలో జిల్లా ఆసుపత్రి ఉంది. రాయగడలో జిల్లా ఆసుపత్రితో పాటు ఎల్వీ ప్రసాద్ వారి కంటి కేంద్రం కూడా ఉంది. చాలా కేసులకు ఇక్కడే మందు మొదలైపోతుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో నిరామయ కౌంటరులో ఉన్న మందులు ఉచితం, ఉందో లేదో అడిగి మరీ తీసుకోండి. పుండు పెద్దదనో లోతుగా ఉందనో వాళ్ళు పైకి పంపితే అప్పుడు ఎంచుకోండి: బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ, విశాఖలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి, హనుమంతవాక దగ్గర ఎల్వీ ప్రసాద్. నన్నడిగితే మీకు విశాఖే నయం. నాన్నగారికి ఒడియా సంతకం వరకే వస్తుందన్నారు కదా. నొప్పి ఎలా ఉంది, ఎప్పుడు మొదలైంది, కంట్లో ఏం పడింది అన్నది తల్లిభాషలో చెప్పుకోగలిగితే సగం పరీక్ష అయిపోయినట్టే. పైగా ఈ జబ్బుకు ఒకసారి వెళ్ళొస్తే సరిపోదు, మూడు నాలుగు సార్లు తిరగాలి. గునుపూర్‌లో రైలెక్కితే పర్లాకిమిడి, పాతపట్నం, టెక్కలి మీదుగా నౌపడా చేరి మెయిన్ లైను పట్టుకోవచ్చు. ఒకప్పుడు పర్లాకిమిడి రాజావారి చిన్నరైలు పరిగెత్తిన దారే అది.

కార్డు గురించి అడగలేదు గానీ చెబుతున్నాను. ఆయుష్మాన్ కార్డు ఆసుపత్రిలో చేరితేనే పనికొస్తుంది, ఓపీలో చూపించుకుని చుక్కలు కొనుక్కోవడానికి కాదు. ఈ జబ్బు చాలావరకు ఓపీతోనే నడుస్తుంది, కాబట్టి రానుపోను ఖర్చు, మందుల ఖర్చు చేతిలో పెట్టుకోండి. ఆపరేషన్ దాకా వస్తే రాష్ట్రం దాటాక మీ కార్డు అక్కడ చెల్లుతుందో లేదో చేరకముందే కౌంటరులో అడగండి.

మర్చిపోయేవాణ్ణి, ఆ చుక్కల సీసా పారేయకండి. కోపంతో చెత్తబుట్టలో వేస్తారని చెబుతున్నాను. రెండేళ్ళ కిందటి చీటీ ఇంట్లో ఎక్కడైనా ఉంటే వెతికి, దాన్నీ సీసానీ ఒక కవరులో పెట్టి నాన్నగారి చొక్కా జేబులో వేయండి. ఏం వేశారు, ఎన్ని రోజులు వేశారు అని డాక్టరు అడిగేసరికి ముందు ఆ సీసానే బల్ల మీద పెట్టమనండి.